జూన్‌లో వచ్చిన డిసెంబరు తుఫాను

జూన్ పద్నాలుగో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు దరియావలి ఉప్పుటేరుపాళెంలో బస్సు దిగేసరికి ఆ రోజు చేయవలసిన పనులన్నీ కాగితం మీద రాసి జేబులో సిద్ధంగా ఉన్నాయి. తొమ్మిదికి కంప్యూటరు అప్‌డేటు. తొమ్మిదిన్నరకు టీ. పదింటికి మైకు దానంతటది మాట్లాడుతుంది, తను కూర్చుని వింటాడు. పదకొండింటి బస్సుకు కావలి, ఇంట్లో పులావు, ఆపైన చిన్న కునుకు. ఇంత చిన్న జాబితాను రాసుకోవడం ఎందుకంటే, రాయకపోతే మరిచిపోతానని భయం. రాసిన కాగితం ఎక్కడైనా పడిపోతుందేమోనన్న భయంతో రెండో జేబులో దాని నకలు కూడా ఉంది.

దరియా అంటే సముద్రం. కావలిలో వలలూ తాళ్లూ అమ్మిన తాత, మనవడు సముద్రాన్ని ఏలేస్తాడని ముచ్చటపడి ఆ పేరు పెట్టాడు. మనవడికి నలభై నాలుగేళ్లు వచ్చాయి. ఇంతవరకూ మోకాళ్లు తడిసేంత లోతుకు కూడా దిగలేదు. సముద్రమంటే భయం, కుక్కలంటే భయం, కరెంటు స్విచ్చులంటే భయం, అన్నిటికంటే పదిమంది ముందు నోరు విప్పాలంటే భయం. నికాలో "కుబూల్" అని మూడుసార్లు అన్నా ముందు వరస దాటి ఎవరికీ వినపడలేదని భార్య గుల్నాజ్ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అలాంటి మనిషి ఏడేళ్లుగా పాళెం పడవల సంఘంలో గుమాస్తాగా నెగ్గుకొస్తున్నాడంటే, ఆ ఆఫీసులో మాట్లాడే పని అతనిది కాకపోవడమే కారణం. మాట్లాడేది మైకు.

సంఘం ఆఫీసు మిద్దె మీద నాలుగు దిక్కులకూ నాలుగు లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. రోజూ పొద్దున వాతావరణం కబురు జిల్లా నుంచి కంప్యూటరుకు చేరుతుంది. పదింటికి కంప్యూటరు తేదీ చూసుకుని, ఆ తేదీ కింద దాచిన కబురు తీసి, నెమ్మదైన ఆడగొంతుతో మూడుసార్లు చదువుతుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి గానీ, ఫోనులో అబద్ధాలు కూడా వస్తాయని పాళెంవాళ్లకు తెలుసు. మైకు చెప్తేనే పడవ కదలాలి, మైకు చెప్తే ఆగాలి. అది ఊరి పెద్దలు వేసిన దురాయి, అంటే కట్టుబాటు. పాళెంలో దురాయి మీరినవాడి పడవకు ఆర్నెల్లపాటు ఎవరూ చెయ్యి వేయరు.

ఈ ఏర్పాటు చేసిపెట్టింది ప్రత్యూష. మెట్ట వైపు రైతుల ఇంటి పిల్ల, ఇప్పుడు చెన్నైలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. చదువుకునే రోజుల్లో ప్రాజెక్టు కోసం పాళెం వచ్చి, ఆఫీసులో మూలపడిన కంప్యూటరుకు లినక్స్ వేసి, దానికి మాటలు నేర్పి, దరియావలికి ఒక నోటుపుస్తకం రాసిచ్చి వెళ్లింది. మొదట్లో మైకు చెప్పే కబురులో తేదీ కూడా ఉండేది. "తేదీ మాకు తెలీదా? గోడ మీద క్యాలెండరు లేదా? ఆ సోది తీసెయ్యమ్మా" అని సంఘం అధ్యక్షుడు మాల్యాద్రి అంటే తీసేసింది. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మాల్యాద్రి గుర్తుపెట్టుకోలేదు.

కిందటి అక్టోబరులో దరియావలి భయం కొద్దీ అప్‌డేటు వాయిదా వేశాడు. ఏదైనా నొక్కితే ఏదైనా అవుతుందని నొక్కలేదు. నొక్కనందుకు ఒక పొద్దున మైకు మూగబోయింది. హెచ్చరిక వచ్చింది గానీ చదివే ప్రోగ్రాము లేవలేదు. వేటకు పోయిన మాల్యాద్రి తమ్ముడు శివ రెండు రోజులు అలల్లో కొట్టుకుని ఎలాగో ప్రాణాలతో ఒడ్డుకు చేరాడు. మాల్యాద్రి కేకలు వేయలేదు. ఒకటే మాటన్నాడు. "వలీ, ఆ మైకు మాకు అమ్మానాయన. ఇంకోసారి అది నోరు మూసినా, అబద్ధం చెప్పినా, నువ్వు ఈ గడప తొక్కబాక."

ఉద్యోగం పోతుందన్న భయం దరియావలికి లేకపోలేదు. కానీ అంతకంటే పెద్ద భయం, ఆ రెండు రోజులూ ఇసుకలో కూర్చుని సముద్రం వైపే చూసిన శివ భార్య ముఖం. మైకు ఒక్కసారి అబద్ధమాడితే, నిజం చెప్పిన రోజు కూడా ఎవరూ వినరు. అలా వినకుండా పోయినవాడు తిరిగి రాకపోతే, అలాంటి ముఖం ఇంకోటి తను చూడవలసి వస్తుంది. అందుకే ఈసారి సముద్రం తెరవకముందే అప్‌డేటు చేసెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ అర్ధరాత్రితో అరవై ఒక్క రోజుల వేట నిషేధం ముగుస్తుంది. ఒడ్డున అరవై పడవలు కొత్త రంగులతో మెరుస్తున్నాయి. కొన్నిటిలోకి అప్పుడే ఐసు ఎక్కుతోంది. గంగమ్మకు పొంగళ్లు పెట్టడానికి ఆడవాళ్లు కుండలు దించారు. తొమ్మిదికి దరియావలి చెప్పులు బయట విడిచి, బిస్మిల్లా అనుకుని, నోటుపుస్తకం చూస్తూ ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. తెర మీద వరసలు గబగబా పరిగెత్తి, ఉన్నట్టుండి ఆగాయి. ఆఖరి నాలుగు వరసలూ ఎరుపు. మైకు ప్రోగ్రాము వచ్చే చోటి సంతకాన్ని సరిచూసే కీ గడువు జూన్ పదితో తీరిపోయిందని, కనుక అక్కడినుంచి ఏదీ తీసుకోనని కంప్యూటరు ఇంగ్లీషులో తెగేసి చెప్పింది.

నోటుపుస్తకం పదకొండో పేజీ తిప్పాడు. "ప్రతి ప్రోగ్రాము ప్యాకేజీ మీదా దాన్ని తయారు చేసినవాళ్ల సంతకం ఉంటుంది. అది నిజంగా వాళ్ల సంతకమేనా అని పోల్చి చూసే కీ మన కంప్యూటరులో ఉంటుంది. ఆ కీకి గడువు ఉంటుంది. గడువు తీరితే కంప్యూటరు నమ్మడం మానేస్తుంది. అది మన మంచికే. బలవంతం చేయకండి, నాకు ఫోన్ చేయండి. కొత్త కీ తెచ్చుకున్నాక దాని వేలిముద్ర, అంటే నలభై అక్షరాలూ, నేను చెప్పినవాటితో సరిపోతేనే ఒప్పుకోండి." దాని కింద రెండు గీతలు గీసి మరీ రాసింది: "భయపడకండి." ఆ ఒక్క మాటతో దరియావలి భయం రెట్టింపయింది. భయపడే అవసరమే లేకపోతే ఆ పిల్ల అలా ఎందుకు రాస్తుంది?

ప్రత్యూషకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పదకొండుసార్లు చేశాడు. ఆ ఉదయం ఆమె గూడూరులో మేనత్త కూతురి నిశ్చితార్థంలో పట్టుచీరలో ఉంది. ఫోను హ్యాండ్‌బ్యాగులో, హ్యాండ్‌బ్యాగు బీరువాలో ఉన్నాయి. తొమ్మిది నలభై అయింది. దరియావలి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అప్పుడు, దిక్కుతోచక, బావమరిది అన్వర్‌కు ఫోన్ చేశాడు. అన్వర్‌కు కావలిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ప్రపంచంలో ప్రతి విషయమూ అతనికి సగం తెలుసు.

"గడువు తీరిందా? ఓస్, దీనికా బావా! దీని మందు నా కాడ ఉండాది. మా షాపులో బిల్లుల సాఫ్ట్‌వేరు నెలరోజులే ఫ్రీ. మూడేళ్లుగా వాడతా ఉండా. నెలాఖరుకి తేదీ వెనక్కి తిప్పుతా, అంతే."

"ఇది షాపు గాదురా. పాళెం మైకు."

"మైకైతే ఏంది, దానికీ గడియారమే గదా? ముందు నెట్టు టైము ఆపు, లేకుంటే దానంతటదే సర్దుకుంటాది. తర్వాత తేదీ వెనక్కి వెయ్యి. గడువు తీరని రోజుల్లోకి పోయినాక ఇంకేం మాట్లాడతాది?"

"నాలుగు రోజులు తిప్పితే చాలా?"

"నాలుగు రోజులా! దానికి అనుమానం వస్తాది బావా. తిప్పేది ఎట్టాగూ తిప్పతా ఉండావు, ఒక ఆర్నెల్లు తిప్పు."

"ప్రత్యూషమ్మ బలవంతం చెయ్యొద్దని రాసినాది."

"బలవంతం యాడుంది? ఇది నచ్చజెప్పడం."

నాలుగు రోజులు తిప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. అన్వర్ మాట విని దరియావలి డిసెంబరుకు పోయాడు. డిసెంబరులో ఏ తేదీ వేయాలని ఒక్క క్షణం ఆలోచించి మూడో తేదీ వేశాడు. అది అతని పెళ్లిరోజు. మరిచిపోతే ఇంట్లో ఏమవుతుందోనన్న భయంతో పద్నాలుగేళ్లుగా గుర్తుపెట్టుకున్న ఏకైక డిసెంబరు తేదీ. మళ్లీ అప్‌డేటు కొట్టాడు. కంప్యూటరు ఈసారి ఇంకో రకంగా మొరాయించింది. కీ సంగతి ఎత్తలేదు గానీ, ఈ ఫైలు చెల్లడానికి ఇంకా నూట ఎనభై ఆరు రోజులు ఉందని అంది. జూన్‌లో తయారైన ఫైలును డిసెంబరులో చూపిస్తే అది మాత్రం ఏమంటుంది? ఇంతకుముందు కీ ముసలిదైపోయిందంది, ఇప్పుడు ఫైలు ఇంకా పుట్టలేదంటోంది. ఏం చేయాలో తెలియక దరియావలి తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు సరిగ్గా పదయింది.

మిద్దె మీద సైరను కూసింది. ఆ సైరను మామూలు కబుర్లకు మోగదు.

"తీవ్ర తుఫాను హెచ్చరిక," అంది ఆడగొంతు, పక్కింటి వాళ్లను కాఫీకి పిలిచినంత నెమ్మదిగా. "పడవలను మెరక మీదికి లాగండి. సముద్రంలో ఉన్నవారు వెంటనే ఒడ్డు చేరండి. పాళెంవారందరూ తుఫాను షెల్టరుకు వెళ్లండి. ఇదే ఆఖరి హెచ్చరిక."

దరియావలి నిజంగానే తుఫాను అనుకుని బల్ల కింద దూరబోయి, దూరుతూ దూరుతూ తెర మూల చూశాడు. డిసెంబరు మూడు. అప్పుడు గుర్తొచ్చింది. కిందటి డిసెంబరు మూడున తుఫాను వచ్చింది. ఆ రోజు బస్సులు ఆగిపోయి తను పెళ్లిరోజుకు ఇంటికి పోలేకపోయాడు. పెళ్లిరోజు గుర్తుంది, తుఫాను మరిచిపోయాడు. తేదీ చూసుకుని కబురు చదివే కంప్యూటరు, తనకు చూపించిన తేదీకి ఉన్న కబురునే ఎంతో నిజాయితీగా చదువుతోంది.

కరెంటు స్విచ్చులంటే ఉన్న భయాన్ని కూడా పక్కనపెట్టి స్విచ్చు కట్టేశాడు. బ్యాటరీ ఉంది కనుక కంప్యూటరు ఆగలేదు. అక్టోబరు తర్వాత, కరెంటు పోయినా మైకు ఆగకూడదని బ్యాటరీ కొనిపించింది దరియావలే. కబురు రెండోసారి వచ్చింది, మూడోసారీ వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఐసు దించుతున్నారు, పడవలు లాగుతున్నారు, సగం ఉడికిన పొంగలి కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు షెల్టరు వైపు పరుగెత్తుతున్నారు. ఒకడు టీవీని బిడ్డలాగా ఎత్తుకుని పోతున్నాడు. ముసలమ్మను ఇద్దరు మంచంతో సహా మోసుకెళ్తున్నారు. మోసేవాళ్ల కాళ్లు తడబడటం చూసి దరియావలి కళ్లు మూసుకున్నాడు. ఆమె పడి చచ్చిపోతే?

తలుపు దబ్బున తెరుచుకుంది. పెంచలమ్మ. ఎండుచేపలమ్మే ఆడవాళ్లందరికీ పెద్ద. ఆమె మాటకు మాల్యాద్రి కూడా ఎదురు చెప్పడు.

"ఎంత దూరంలో ఉండాది నాయనా? నిజం చెప్పు."

"లే... లేదక్కా. తుఫా... ను లేదు."

ఆమె అతని ముఖం చూసింది. పెదవులు అదురుతున్నాయి, చెంపల మీదుగా చెమట కారుతోంది, బల్లను పట్టుకున్న చేతులతో పాటు బల్ల కూడా వణుకుతోంది.

"అంత దగ్గరికి వచ్చేసిందా!" అని ఆమె గుండెలు బాదుకుంటూ వెనక్కి పరుగెత్తింది.

ఇంతలో మాల్యాద్రి ఫోను. ఇంజను సామాన్లకని కావలి పోయి ఉన్నాడు.

"వలీ! మైకు మోగిందంటనే?"

"మోగిందన్నా. కానీ అది—"

"శభాష్ రా తమ్ముడా! అక్టోబరులో నిన్ను అనరాని మాటన్నా. మనసులో పెట్టుకోబాక. ఈ పొద్దు పాళేన్ని కాపాడినావు. పక్క పాళేలకి నేను ఫోన్లు చేస్తా, నువ్వు మైకు కాడనే ఉండు."

"అన్నా, అది డిసెంబరు—"

"డిసెంబరు దానికంటే పెద్దదా! తల్లీ గంగమ్మా!" ఫోను కట్ అయింది.

తిట్టి ఉంటే దరియావలి తట్టుకునేవాడు. మెచ్చుకోలును మాత్రం తట్టుకోలేకపోయాడు. అరవై పడవలు, నాలుగు వందల ప్రాణాలు, ఇప్పుడు పక్క పాళేలు కూడా. మైకు అబద్ధమాడింది, ఆడించింది తనే. ఇక ఒకటే దారి మిగిలింది. బల్ల మీద, కంప్యూటరు పక్కన, మనుషులు మాట్లాడే మైకు ఒకటి ఉంది. ఏడేళ్లలో దానిమీద దుమ్ము దులపడం తప్ప దరియావలి దాన్ని ముట్టుకోలేదు. మెడలో తువాలుతో ముఖం తుడుచుకుని, మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

"అ... అందరికీ నమస్కారం. నేను ద... దరియావలిని. తు... తుఫాను లేదు. ఎవరూ భ... భయపడబాకండి. అందరూ ప్ర... ప్రశాంతంగా ఉండండి."

అప్పటిదాకా పాళెంలో సగంమంది, ఆకాశం ఇంత తేటగా ఉంటే తుఫానేందని నసుగుతూ ఇళ్లముందే నిలబడి ఉన్నారు. మైకులో ఆ వణుకు వినగానే వాళ్లూ కదిలారు. ఏడేళ్లలో నోరు విప్పని వలీ మైకులోకి వచ్చాడంటేనే కొంప మునిగినట్టు. వచ్చి ప్రశాంతంగా ఉండమన్నాడంటే ఇక పైనున్నవాడే దిక్కు. ఐదు నిమిషాల్లో వీధుల్లో కోళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు.

దరియావలి తువాలును మైకు మీద పడేసి కుర్చీలో కూలబడ్డాడు. తువాలు కింద ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

పక్క పాళెం సంఘం నుంచి ఫోన్ వచ్చింది. "వలీ అన్నా, మావాళ్లు కూడా పడవలు లాగేసినారు." ఇంకో పాళెం నుంచి ఇంకో ఫోను: "జువ్వలదిన్నె దాకా ఇదే గోలంట, నిజమేనంట." నిజమేనంట! దరియావలి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. తన అబద్ధమే నాలుగు ఊళ్లు తిరిగి తన చెవిలో పడుతోందని తట్టేంత తీరిక ఆ భయం అతనికి ఇవ్వలేదు. ఇంతమంది చెప్తున్నారు. ఒకవేళ డిసెంబరు కబురు పొరపాటున వచ్చినా, జూన్ తుఫాను కూడా నిజంగానే వస్తుంటే? ఎదురు కరెంటు స్తంభం మీద కాకి కదలకుండా కూర్చుని ఉంది. కాకి ఎందుకు కదలడం లేదు? ఇంటికి ఫోన్ చేశాడు.

"గుల్నాజ్, తుఫానంట. ఆధారు కార్డులు, నా బీపీ మాత్రలు, ఇంటి కాగితాలు సంచిలో వెయ్యి."

"ఏం తుఫాను? మిద్దె మీద మిరపకాయలు పోసినా, ఎండ పెటపెటలాడతా ఉంది. డిసెంబరు మూడున కూడా అచ్చం ఇవే మాటలు చెప్పి రాలేదు మీరు. పెళ్లిరోజు పులావు నేనొక్కదాన్నే తిన్నా. ఈ పొద్దు కూడా ఎగ్గొడతా ఉండారా?"

డిసెంబరు మూడు అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. ఉన్న కాస్త తెలివీ తిరిగొచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రత్యూష నుంచి ఫోను వచ్చింది. చేతులు కీబోర్డు మీదే ఉండాలి కనుక దరియావలి ఫోనును స్పీకరులో పెట్టి బల్ల మీద, తువాలు పక్కన ఉంచాడు.

"సారీ వలీ గారూ, పదకొండు మిస్డ్ కాల్సు చూశాను. ఏమైంది?"

అంతే, దరియావలి ఏడ్చేశాడు. "అమ్మా ప్రత్యూషమ్మా, నేను పాపం చేసినా. కీకి గడువు తీరింది. నువ్వు బలవంతం చెయ్యొద్దని రాసినా వినకుండా తేదీ వెనక్కి తిప్పినా. డిసెంబరు తుఫాను కబురు ఇప్పుడు చదివేసింది. పాళెం అంతా షెల్టరులో ఉండాది. తుఫాను లేదని చెప్తే ఒక్కరూ నమ్మడం లేదు. ముసలామెను మంచంతో సహా మోసుకుపోయినారు తల్లీ. ఆమెకేమన్నా అయితే నేనేం చెయ్యాల? ఇంకమీదట ఈ మైకు నిజం చెప్పినా ఎవరూ వినరు. శివ పెళ్లాం అట్టా ఇసుకలో కూర్చోడం మళ్లీ నేను చూడలేనమ్మా."

ఆ మాటలు, వెక్కిళ్లతో సహా, నాలుగు దిక్కులకూ వినపడ్డాయి.

షెల్టరులో నాలుగు వందలమంది ఊపిరి బిగబట్టారు. ఏడవబోయిన ఒక బిడ్డ నోటికి పెంచలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవకండి," అంది ప్రత్యూష గొంతు. "ముందు తేదీ సరిచేయండి. చేశారా? నెట్టు టైము మళ్లీ పెట్టండి. ఇప్పుడు కొత్త కీ తెచ్చుకుందాం. ఆ ప్రోగ్రాము తయారు చేసినవాళ్లు కిందటి నెలే కొత్తది ఇచ్చారు, మీకు ముందే చెప్పాల్సింది నేను. తప్పు నాది కూడా. వచ్చిందా? దాని వేలిముద్ర చదవండి, నేను నా దగ్గర ఉన్నదాంతో చూస్తాను. మెల్లగా, నాలుగేసి అక్షరాలు."

దరియావలి కళ్లజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. నాలుగు, ఏ, ఏడు, సున్నా. సీ, తొమ్మిది, తొమ్మిది, ఈ. పాళెం పాళెమంతా చెవులు రిక్కించి విన్నది. అది ఏమిటో ఒక్కరికీ తెలియదు గానీ, తమ ప్రాణాలు దానిమీదే ఆధారపడి ఉన్నాయని మాత్రం అందరికీ అర్థమైంది. ముప్పై ఒకటో అక్షరం దగ్గర "బీ" అన్నాడు.

"బీ కాదే," అంది ప్రత్యూష. "నా దగ్గర ఎనిమిది ఉంది. సరిపోకపోతే ఒప్పుకోకూడదు. మళ్లీ చూడండి."

షెల్టరులో పెద్ద నిట్టూర్పు లేచింది. దరియావలి కళ్లజోడు తీసి, అద్దం మీద పడిన చెమట చుక్క తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎనిమిదేనమ్మా. ఎనిమిదే. చెమట."

మిగిలిన తొమ్మిది అక్షరాలూ ఒక్కొక్కటే దాటాయి.

"సరిపోయింది," అంది ప్రత్యూష.

"సరిపోయింది!" అని బయట నాలుగు వందల గొంతులు ఒక్కసారి అరిచాయి. దరియావలి ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు, చివరికి తువాలు ఎత్తి చూశాడు. కింద ఎర్ర దీపం. మీట ఆపాలన్న ఆలోచన వచ్చింది గానీ చెయ్యి రాలేదు. అతని పక్కన కంప్యూటరు మాత్రం ఏమీ జరగనట్టు మిగతా అప్‌డేటును పది నిమిషాల్లో ముగించింది.

మాల్యాద్రి మోటారుసైకిలు వచ్చి ఆఫీసు ముందు ఆగేసరికి జనమంతా అక్కడే ఉన్నారు. జరిగింది వాళ్ల నోట విని, పక్క పాళేలకు తుఫాను లేదని మళ్లీ ఫోన్లు చేశాడు. ముసలమ్మను మంచంతో సహా తీసుకొచ్చి నీడలో దించారు. ఇంత బాగా ఎవరూ తనను ఊరు తిప్పి ఏళ్లయిందని ఆమె సంతోషంగా ఉంది. దరియావలి ఆఫీసు తాళాలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గడప తొక్కబాక అన్నావు గదన్నా. మైకు అబద్ధం చెప్పింది. నేను పోతా."

మాల్యాద్రి ముఖం కందగడ్డయింది. "తేదీ తిప్పినావు సరే. కబురులో తేదీ ఉండి చచ్చుంటే, ఇది డిసెంబరుదని పసిబిడ్డకి కూడా తెలిసేది గదా! ఆ తేదీ తీసేసిన తలమాసినోడు ఎవడు?"

బల్ల మీద ఫోను ఇంకా కట్ కాలేదు.

"మీరే మాల్యాద్రి గారూ," అంది ప్రత్యూష. నాలుగు లౌడ్‌స్పీకర్లూ ఆ మాటను పాళెం చివరి ఇంటిదాకా చేరవేశాయి.

నవ్వులు ఆగాక పెంచలమ్మ ముందుకొచ్చి మాల్యాద్రి వైపు తిరిగింది. "అబ్బయ్యా, నా మాటిను. ఆ మైకులో అమ్మి మూడుసార్లు అబద్ధం చెప్పినాది. ఒక్కసారైనా గొంతు తడబడిందా? దానికి నిజమైనా ఒకటే, అబద్ధమైనా ఒకటే. ఈ వలీ తుఫాను లేదని నిజం చెప్తా వణికినాడు, మేము భయపడినాం. నిజం చెప్పినా ఈడు అట్నే వణుకుతాడని మాకేం తెలుసు? ఇప్పుడు తెలిసింది. ఆ వణుకు ఇంకోడు చెయ్యమన్నా చెయ్యలేడు. ఇంకమీదట మిషను చెప్పినాక ఈడు వచ్చి చెప్పాల. ఈ గొంతు వినపడితేనే నమ్ముతాం."

"కీ అంటే అదే పెద్దమ్మా," అంది ఫోనులో ప్రత్యూష. "ఇంకొకరు చేయలేనిది, మీరందరూ గుర్తుపట్టగలిగేది. కాకపోతే గడువు ఒకటి పెట్టుకోండి. ఏడాదికోసారైనా సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి."

దరియావలి పై ప్రాణాలు పైనే పోయాయి. "రోజూనా? మైకులోనా? అందరూ వింటారు గదక్కా! వద్దన్నా, నీకు దణ్ణం పెడతా, నన్ను తీసెయ్యి. గడప తొక్కబాక అన్నావు, నేను తొక్కను." ఉద్యోగం పోతుందని పొద్దున్నుంచీ వణికిన మనిషి, ఉద్యోగం ఊడబెరకమని అధ్యక్షుడి చేతులు పట్టుకుని బతిమాలాడు. మాల్యాద్రి వినలేదు. అక్కడికక్కడే పెద్దలను కూర్చోబెట్టి కొత్త దురాయి వేయించాడు. మినిట్సు పుస్తకంలో ఇలా రాశారు: కబురులో తేదీ మళ్లీ చేర్చవలెను. దరియావలి గొంతు వచ్చే జూన్ పద్నాలుగు వరకు చెల్లును.

మర్నాడు పదింటికి అరవై పడవలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. శివ తన పడవ అంచున చెయ్యి ఆనించి, ఇసుకలో నిలబడ్డ భార్య వైపు ఒకసారి చూశాడు. మైకు తేదీతో సహా చదివింది, సముద్రం బాగుందని మూడుసార్లు చెప్పింది. ఒక్క ఇంజనూ మోగలేదు. అందరూ మిద్దె వైపు చూస్తున్నారు. ఆఫీసులో దరియావలి కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు.

"నే... నేను దరియావలిని. స... సముద్రం బాగుంది. పో... పోయి రండి."

అరవై ఇంజన్లు ఒక్కసారి గర్జించాయి. శివ భార్య ఇసుకలో కూర్చోకుండా చీర దులుపుకుని ఇంటికి నడిచింది. దరియావలి కిటికీలోంచి ఆమె వెళ్లడం చూశాడు, ఆఖరి పడవ కనుమరుగయ్యేదాకా చూశాడు. ఏడేళ్లలో మొదటిసారి అతనికి సముద్రం అందంగా కనిపించింది.

జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. రోజూ మాట్లాడగా మాట్లాడగా భయం అరిగిపోయింది. అక్టోబరులో ఒక పొద్దున దరియావలి మైకు ముందు దర్జాగా కూర్చుని, ఒక్క తడబాటు కూడా లేకుండా, గంభీరమైన గొంతుతో సముద్రం బాగుందని ప్రకటించాడు.

ఆ రోజు పాళెంలో ఒక్క పడవా కదల్లేదు.